జలుబు బిళ్ళ వేసుకునే ముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడమ్మా

బుజ్జమ్మా,

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు, ఫోన్‌లో చెప్తే సగం విని సరే పెదనాన్నా అనేస్తావని ఇలా రాస్తున్నా, తీరిగ్గా చదువు. జలుబు బిళ్ళలు పూటకొకటి చొప్పున 3, జ్వరం తగ్గట్లేదని మధ్యలో డోలోలు 4, హాస్టల్లో అందరం ఇలాగే వేసుకుంటాం అన్నావు. ఎప్పుడైనా లెక్క కట్టావా?

నువ్వు తీసింది స్ట్రిప్పు ముందువైపు, పేరు తప్ప ఏం కనపడట్లేదు, కానీ ఆ బిళ్ళ మందుల షాపులో ఏళ్ళ తరబడి అమ్మినవాణ్ణి నేను. దాన్లో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, ముక్కు దిబ్బడకని ఫినైలెఫ్రిన్ 10, తుమ్ములకని క్లోర్‌ఫెనిరమిన్ 2. ఇక డోలో అంటే అదీ పారాసెటమాలే, 650. మూడు బిళ్ళలకి 1500, నాలుగు డోలోలకి 2600, వెరసి 4100. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళకే రోజుకి 4000 దాటకూడదు, మద్యం తాగే అలవాటున్నా లివర్ బాగోకపోయినా ఇంకా తగ్గించుకోవాలి. పైగా పంటినొప్పికి కాంబిఫ్లామ్ కూడా వేసుకున్నా అన్నావు చూడు, దాన్లో ఇంకో 325 ఉంది తల్లీ!

ఎక్కువైన పారాసెటమాల్ లివర్ని పాడుచేస్తుంది, దాంతో వచ్చిన చిక్కేంటంటే మొదటిరోజు పెద్దగా ఏం తెలీదు, కాస్త వికారం, ఓ వాంతి, అంతే, కళ్ళు పచ్చబడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. విరుగుడు మందు ఉంది గానీ 8 గంటల్లోపు మొదలెడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే ఇది చదవగానే అన్నీ ఆపేసి, నిన్న ఏం ఎన్ని వేసుకున్నావో ఈ పూటే డాక్టర్‌కి చెప్పు, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకోకు.

ఇంకోటి, షాపులో రెండు బిళ్ళలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇచ్చేస్తారు, మందు పేరు ఒక ముక్కలో, ఎక్స్‌పైరీ డేటు ఇంకో ముక్కలో పోతుంది. మేమూ అలాగే చేసేవాళ్ళం, ఒప్పుకుంటా. నువ్వు మాత్రం స్ట్రిప్పు మొత్తం తీసుకో, పది రూపాయలు ఎక్కువైనా పర్లేదు. కాగితం పొట్లంలో నాలుగు రంగుల బిళ్ళలు కలిపి డోసు అని ఇస్తే అసలు తీసుకోకు, లోపల ఏముందో ఇచ్చినవాడికే సరిగ్గా తెలీదు.

క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ములు, ముక్కు కారడం తగ్గిస్తుంది, దానికి బదులుగా మగత ఇస్తుంది. బిళ్ళ వేసుకుని స్కూటీ తీయకు. దాని మీద అలర్జీకి వాడే సెట్రిజిన్ వేసుకోవడం, దగ్గు సిరప్ తాగడం కూడా వద్దు, చాలా సిరప్పుల్లో ఇదే మందు ఉంటుంది.

ఫినైలెఫ్రిన్ సంగతి చెప్తే నవ్వొస్తుంది. వెనకటికి జలుబు బిళ్ళల్లో పీపీఏ అని వేరే మందు ఉండేది, మెదడులో రక్తస్రావం అవుతుందేమోనని అమెరికా వాళ్ళు 2000లోనే వద్దన్నారు, మన దగ్గర 2011లో ఆపారు, ఈలోగా నా చేత్తో ఎన్ని అమ్మానో తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు. దాని తర్వాత ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఈ ఫినైలెఫ్రిన్. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ, నోటితో మింగితే ఇది ముక్కు దిబ్బడకి పనిచేయట్లేదని తేల్చింది. పనిచేయకపోయినా బీపీ ఉన్నవాళ్ళకి మాత్రం ఇబ్బందే. దిబ్బడ తీరాలంటే నాకు ఆవిరే మేలనిపిస్తుంది, కాకపోతే వేడినీళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకోకు, బల్ల మీద పెట్టుకో. రాత్రికి మిరియాల చారు పోసుకుని తిను. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొనడం దండగ.

మీ అక్క కొడుక్కి మూడేళ్ళే కదా, బిళ్ళలో సగం తేనెలో రంగరించి పెడతానందట, వెంటనే ఫోన్ చేసి వద్దని చెప్పు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద వెయ్యమని 2023 డిసెంబర్‌లో మన కేంద్ర ఔషధ నియంత్రణ వాళ్ళే ఆదేశమిచ్చారు. వాడి డోసు బరువుని బట్టి పిల్లల డాక్టరే చెప్పాలి.

జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా ఇంట్లో కూర్చోకు.

చివరికి మీ నాన్న సంగతి. వాడికి బీపీ ఉంది, ప్రోస్టేట్, అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి, దాని సమస్య కూడా ఉందని ఆమధ్య చెప్పాడు, నువ్వేమో నీ స్ట్రిప్పులో మిగిలినవి ఇచ్చొస్తా అంటున్నావు. మా షాపుకి వచ్చే ఒక మేస్త్రీ, ప్రోస్టేట్ ఉందని మాకు చెప్పలేదు మేం అడగలేదు, జలుబు బిళ్ళలు రెండ్రోజులు వేసుకునేసరికి మూత్రం బిగుసుకుపోయింది, అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్ళి ట్యూబ్ వేయించాల్సొచ్చింది. ఆ రోజు నుంచి యాభై దాటిన మగవాడు కౌంటర్ ముందుకొస్తే ముందు అదే అడిగేవాణ్ణి. కాబట్టి వాడికి ఏమీ ఇవ్వకు. వాడు రోజూ వేసుకునే బిళ్ళలన్నీ వరసగా పెట్టి ఫొటో పంపించు, ఈసారి వెనకవైపు.

మీ పెదనాన్న