నేపాల్ యాత్రలో పెద్దవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే: మా పోఖరా అనుభవం

మే నెలాఖరులో డెబ్బై దాటిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని, ఒక యాత్రా బృందంతో కాఠ్మాండు, పోఖరా, ముక్తినాథ్ వెళ్తున్నామని, దారిలో ఎవరికైనా కడుపు పాడైతే ఏం చేయాలో, ఏ మందులు పట్టుకెళ్లాలో చెప్పమని మీరు అడిగారు. మందుల సంగతి తర్వాత చెబుతాను. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. అవసరమైతే బృందం నుంచి విడిపోయి ఒకచోట రెండు రోజులు ఆగిపోగలిగే ఏర్పాటు చేసుకుని బయలుదేరండి. అంటే కొంత అదనపు డబ్బు, తిరుగు టికెట్టు మార్చుకునే వీలు, అక్కడ పనిచేసే ఫోను. మా అత్తగారి విషయంలో మమ్మల్ని కాపాడింది మాత్రల కన్నా ఈ ఏర్పాటే.

మాదీ అలాంటి బృందమే. వంటవాళ్లను, బియ్యాన్ని, చింతపండును కూడా వెంట తెచ్చుకునే రకం. మన వంట మనమే వండుకుంటున్నాం కదా, ఇంక భయమెందుకు అన్న ధీమా అందరిలోనూ ఉండేది. పులిహోర, సాంబారు పొగలు కక్కుతూ వచ్చేవి, వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పోఖరాలో ఒక మధ్యాహ్నం భోజనంలోకి మజ్జిగ చేశారు. తాగడానికి పెద్ద జార్ల నీళ్లు తెప్పించినవాళ్లు పెరుగు చిలకడానికి మాత్రం వంటింటి కుళాయి తిప్పారు. ఆ రాత్రి తెల్లవారేలోగా మంచం పట్టినవాళ్లంతా మజ్జిగ తాగినవాళ్లే. ప్రయోగశాలలో తేల్చిన సంగతి కాదు కానీ, నాకైతే వేరే రుజువు అక్కర్లేదు.

అందుకే బృందం నిర్వాహకుడిని అడగవలసిన ప్రశ్న ‘వంట ఎవరు చేస్తారు’ అన్నది కాదు. మజ్జిగలో, కొబ్బరి పచ్చడిలో, పెరుగు పచ్చడిలో ఏ నీళ్లు పోస్తారు, కొత్తిమీర ఏ నీళ్లతో కడుగుతారు అని అడగండి. నిప్పు మీద ఉడికి వేడిగా వచ్చినది తినండి, పొయ్యి ఎక్కనిది మానేయండి. ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు. ఆ లెక్కన, నేపాలీ హోటల్లో అప్పటికప్పుడు వండి పెట్టే దాల్‌భాత్ మన మజ్జిగ కన్నా నయం. మోమోలు ఆవిరి మీద ఉడుకుతాయి, పక్కన పెట్టే పచ్చడి విషయంలోనే జాగ్రత్త అవసరం. పానీపూరీ జోలికి వెళ్లకండి. 2022 జూన్‌లో కాఠ్మాండు లోయలో కలరా కేసులు బయటపడినప్పుడు లలిత్‌పూర్ నగరపాలక సంస్థ పానీపూరీ అమ్మకాలనే నిషేధించింది.

‘చిన్నప్పటి నుంచి మున్సిపాలిటీ నీళ్లు తాగి పెరిగినవాళ్లం, మనకేమవుతుంది, అవన్నీ తెల్లవాళ్లకు వచ్చే జబ్బులు’ అని మీ నాన్నగారు అనవచ్చు. మా వాళ్లూ అన్నారు. మన ఊరి సూక్ష్మజీవులకు అలవాటు పడిన కడుపు పొరుగు దేశపు వాటన్నిటికీ అలవాటు పడినట్లు కాదు. పైగా ఇప్పుడు మనలో ఎంతమంది మున్సిపాలిటీ నీళ్లు తాగుతున్నారు? ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఫిల్టరు పెట్టుకున్నవాళ్లమే ఈ మాట అంటాం.

ఇక ఆ రాత్రి సంగతి. అత్తగారికి ముందు వాంతులు, తర్వాత నీళ్ల విరేచనాలు. జ్వరం లేదు, రక్తం లేదు. మర్నాడు ఉదయం జీపులు ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కు బయలుదేరాలి. ఎవరో వచ్చి విరేచనాలు కట్టే మాత్ర వేసి ఎక్కించేయమన్నారు. నిర్వాహకుడు అంతా స్వామి దయ అన్నాడు. అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది అత్తగారే. ఇంత దూరం వచ్చి దివ్యదేశం చూడకుండా పోతానా అని. ఆళ్వార్లు కీర్తించిన విష్ణు క్షేత్రాలే దివ్యదేశాలు, ఆ నూట ఎనిమిదింటిలో ముక్తినాథ్ సాలగ్రామ క్షేత్రం, ఆవిడ ఆరాటం నాకు అర్థం కాకపోలేదు. కానీ పోఖరా ఉన్నది సుమారు 800 మీటర్ల ఎత్తులో, జోమ్‌సోమ్ 2,700 మీటర్ల పైన, ముక్తినాథ్ ఆలయం 3,700 మీటర్ల పైన. ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన మనిషిని అంత ఎత్తుకు ఎక్కిస్తే, తలనొప్పి, వికారం, నీరసం మొదలైనప్పుడు అది కడుపు జబ్బా, ఎత్తు వల్ల వచ్చే జబ్బా అని ఎవరు చెబుతారు? రెండింటి లక్షణాలూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ఒకదానికి కూర్చోబెట్టి నీళ్లు పట్టించాలి, రెండోదానికి వెంటనే కిందికి దించాలి. దానికి తోడు, మధ్యలో బేని అనే ఊరు దాటాక కొండ దారి. వానలు మొదలైతే కొండచరియలు విరిగిపడి వాహనాలు గంటల తరబడి ఆగిపోతాయి. అలాంటి చోట మరుగుదొడ్డి కూడా దొరకదు. మేం ఆగిపోయాం, బృందం వెళ్లిపోయింది. అత్తగారు ఆ మాట పండగకోసారి ఇప్పటికీ ఎత్తుతారు, నేను వింటాను.

ఉదయం పక్క వీధి మందుల దుకాణానికి వెళ్తే, మన దగ్గర లాగే, అడగకుండానే రెండు రకాల యాంటీబయాటిక్ మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. నేను అవి పక్కన పెట్టి జీవన్ జల్ పొట్లాలు అడిగి తెచ్చుకున్నాను. నేపాల్లో ఓఆర్ఎస్‌ను ఆ పేరుతోనే అడుగుతారు, పల్లెటూరి కొట్టులో కూడా అర్థమవుతుంది. విరేచనాలను ఝాడాపఖాలా అంటారు. హిందీ వచ్చినా ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, వైద్యుడి దగ్గర పని త్వరగా అవుతుంది.

ఓఆర్ఎస్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పొరపాట్లన్నీ జరిగేది ఇక్కడే. లీటరు నీళ్లకు కలిపే పొట్లం వేరు, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న పొట్లం వేరు. పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు జరుగుతుంది. పొట్లం మీద చదివి, అన్ని నీళ్లు కొలిచి కలపాలి. లీటరు సీసా ఒకటి వెంట ఉంటే ఆ చిక్కు తీరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. పొట్లం వెనక ఈ అంకెలు కనిపిస్తే అది అసలైనది. మన దుకాణాల్లో ఓఆర్ఎస్ అన్న అక్షరాలు అచ్చువేసుకుని తియ్యటి పానీయాలు అమ్మేవారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. అయినా ఇంట్లో పాత డబ్బాలు ఉంటే చూసుకోండి. గ్లూకోజు పొడి ఓఆర్ఎస్ కాదు. కూల్‌డ్రింకు అసలే కాదు, అందులోని పంచదార పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. ఏదీ దొరకని చోట, లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, అంచుకు సమంగా గీసి కొలవాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

తాగించే పద్ధతి కూడా ఉంది. వాంతులవుతున్న మనిషికి గ్లాసు చేతికిస్తే గటగటా తాగి వెంటనే కక్కేస్తారు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టించాలి. విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు అదనం. విసుగు పుట్టించే పని ఇది, రాత్రంతా మేలుకుని చేయాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు సరిహద్దులోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు–గ్లూకోజు నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే పట్టించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆ రాత్రి మంచం పక్కన చెంచాతో కూర్చున్నప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఈ కథే.

అయినా మధ్యాహ్నానికి అత్తగారికి లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. తెల్లవారుజాము నుంచి మూత్రం రాలేదు. ఇంక ఇంటి వైద్యం చాలించి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడి డాక్టరు కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, ముందు అడిగింది ఆవిడ రోజూ వేసుకునే మాత్రల గురించి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కూడా కలిసి ఉంది. ఒకవైపు విరేచనాలతో నీళ్లు పోతుంటే మరోవైపు ఆ మాత్ర తన పని తాను చేసుకుపోతోంది. తేరుకునే దాకా అది ఆపించి, సెలైన్ ఎక్కించి, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. సాయంత్రానికి ఆవిడ మళ్లీ ముక్తినాథ్ మాట ఎత్తారంటే ఒంట్లోకి సత్తువ వచ్చినట్లే.

మీరు బయలుదేరే ముందు చేయవలసిన పనుల్లో నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. అమ్మానాన్నల డాక్టరు దగ్గర కూర్చుని, విరేచనాలు పట్టుకుంటే బీపీ మాత్రల్లో ఏది ఆపాలి, షుగరు మాత్రల్లో ఏది ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ లాంటివి, మూత్రంలో చక్కెర పోయేలా చేసే కొత్త రకం షుగరు మాత్రలు, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. మీ అంతట మీరు ఆపకండి, ఇన్సులిన్‌ను సొంతంగా ఆపడం గానీ మోతాదు మార్చడం గానీ అసలే వద్దు. అడిగి రాయించుకోవడమే మార్గం. అత్యవసరానికి ఏ యాంటీబయాటిక్ పట్టుకెళ్లాలో కూడా ఆయన్నే అడగండి. దక్షిణాసియాలో విరేచనాలు తెచ్చే కొన్ని బ్యాక్టీరియా సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం మానేశాయి, అందుకే వైద్యులు ఎక్కువగా అజిత్రోమైసిన్ వైపు మొగ్గుతారు. అది కూడా జ్వరమో, రక్తమో, మంచం మీంచి లేవలేని తీవ్రతో ఉన్నప్పుడే. విరేచనాలు కట్టే లోపెరమైడ్ తప్పనిసరి ప్రయాణంలో పెద్దవాళ్లకు ఒక పూట పనికొస్తుంది, జ్వరం గానీ రక్తం గానీ ఉంటే మాత్రం వేయకూడదు. ఆ మాత్ర విరేచనాన్ని ఆపుతుందే కానీ అప్పటికే పోయిన నీళ్లను తిరిగి ఇవ్వదు.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి? ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, నిలబడితే కళ్లు తిరిగినా, మాట తడబడినా, చెంచాతో పట్టిస్తున్నదీ నిలవకపోయినా, రక్తం కనిపించినా, బియ్యం కడుగు నీళ్ల లాంటి విరేచనాలు ఆగకుండా అవుతున్నా ఆలోచించవద్దు. కాఠ్మాండులో టేకు దగ్గరున్న శుక్రరాజ్ ఆసుపత్రి అంటువ్యాధుల కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. 1982 నుంచి యాత్రికులకు వైద్యం చేస్తున్న సివెక్ క్లినిక్ కూడా కాఠ్మాండులోనే ఉంది, ఖర్చు ఎక్కువ. బీమా సంగతీ చూసుకోండి. వీసా అక్కర్లేదు కాబట్టి నేపాల్ మన దేశం లాంటిదే అనుకుంటాం కానీ, ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు సరిహద్దు దాటితే చెల్లవు. విడిగా ప్రయాణ బీమా తీసుకోండి, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదవండి, ప్రతి రసీదూ దాచండి.

కొండల్లో నీళ్ల గురించి రెండు ముక్కలు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకే అక్కడ మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. అన్నపూర్ణ ప్రాంతంలో కొన్ని ఊళ్లలో శుద్ధి చేసిన నీళ్లు నింపి ఇచ్చే కేంద్రాలు ఉన్నాయి, కనిపిస్తే సీసా నింపుకోండి. ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారల కింద తడవాలని అమ్మగారు అంటారు. తల మీద చల్లుకోమనండి, తాగడానికి మాత్రం సీసా నీళ్లే ఇవ్వండి. భక్తికి లోటేమీ రాదు.

మీరు వెళ్లే నెల దృష్ట్యా ఇంకొకటి చెప్పాలి. మా బృందంలో ఒకాయనకు పోఖరాలో ఏమీ కాలేదు, ఇంటికి చేరాక మొదలైంది. నాలుగు రోజులు తగ్గడం, మళ్లీ రావడం, అన్నం సయించకపోవడం, బరువు తగ్గడం, మెట్లెక్కలేనంత అలసట. మామూలు మల పరీక్షలో ఏమీ లేదన్నారు. వారాల తర్వాత ఒక డాక్టరు ఎక్కడికి వెళ్లొచ్చారని అడిగి, ప్రత్యేకమైన రంగు వేసి చూసే పరీక్ష చేయిస్తే సైక్లోస్పోరా అనే, పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి బయటపడింది. కాఠ్మాండులో అది వేసవి చివర, వానల మొదట్లో, అంటే సరిగ్గా మీరు వెళ్లే రోజుల్లో విజృంభిస్తుంది. 1980ల చివర దాన్ని అక్కడి విదేశీయుల్లో గమనించినప్పుడు ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు, 1994లో గానీ దానికి శాస్త్రీయ నామం స్థిరపడలేదు. క్లోరిన్ బిళ్లలకు అది చావదు, కడిగిన ఆకుకూరల మీద కూడా బతికి ఉంటుంది. ఆయనకు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గింది. కాబట్టి తిరిగొచ్చాక ఎవరికైనా రెండు వారాలు దాటినా కడుపు కుదుటపడకపోతే, డాక్టరుకు నేపాల్ వెళ్లొచ్చిన సంగతి మొదట చెప్పి, సైక్లోస్పోరాకు, అలాంటిదే మరో పరాన్నజీవి జియార్డియాకు పరీక్ష చేయించమని మీరే అడగండి.