ఒంటికొమ్ము గుర్రానికి రెక్కలెక్కడివి?

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు రెక్కల యూనికార్న్ కేక్ కావాలంటోంది. పాత కథల్లో దానికి రెక్కలున్నాయా? పోయినసారి ఫాండెంట్‌తో (పిసికి మలిచే చక్కెర ముద్ద) చేసిన కొమ్ము కేక్ కోసేలోపే వంగిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గ్రీకు కథల్లోని గుర్రం పెగాసస్‌కు రెక్కలే గాని కొమ్ము లేదు. యూరప్ యూనికార్న్‌కు మామూలుగా కొమ్మే గాని రెక్కలుండవు. రెండూ కలిసిన గుర్రం ఇంత ప్రచారంలోకి రావడం ఈమధ్య కార్టూన్లు, బొమ్మల పుణ్యమే. పాపకు ఇదంతా చెప్పి ఉత్సాహం చల్లార్చకండి.

కొమ్ము వంగింది తేమ వల్ల. ఉత్త ఫాండెంట్ లోపల త్వరగా ఆరదు. 100 గ్రాములకు అర టీస్పూను సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను గట్టిపరిచే, తినదగిన పొడి) కలిపి బాగా పిసికి, కవర్లో చుట్టి అరగంట ఉంచండి. ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా రెండు తాళ్లు చేసి, వెదురు పుల్ల చుట్టూ మెలిపెట్టండి. పది సెంటీమీటర్ల కొమ్ముకు కింద ఇంకో పది సెంటీమీటర్ల పుల్ల మిగలాలి. తక్కువైతే మెత్తటి కేక్‌లో నిలబడదు. నిలబెట్టి చూస్తే మెలిక కుడి కింది నుంచి ఎడమ పైకి పోవాలి (కారణం తర్వాతి జవాబులో ఉంది). రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి, వానాకాలంలో ఇంకో రోజు. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమ్మ పట్టి జిగురవుతుంది. రెక్కలు మూడు మిల్లీమీటర్ల మందం మించితే బరువుకు క్రీమును చీల్చుకుని జారతాయి. పచ్చిగా ఉన్నప్పుడే వాటికి టూత్‌పిక్‌లు గుచ్చాలి. విప్డ్ క్రీమ్ నీరు వదులుతుంది కాబట్టి కొమ్మూ రెక్కలూ సరిగ్గా కేక్ కోయబోయే ముందు మాత్రమే పెట్టండి. ముక్కలు పంచేముందు పుల్లలన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి.

ప్రశ్న: యూనికార్న్ కొమ్ము పొడి విషానికి విరుగుడని ఒకాయన అమ్ముతున్నాడు. నిజమా?
– ఒక పాఠకుడు, కోఠి

జవాబు: కొనకండి. పర్షియా రాజు కొలువులో వైద్యుడిగా ఉన్న గ్రీకు టీసియస్, క్రీ.పూ. 400 ప్రాంతంలో, ఇండియాలో ఒంటికొమ్ము అడవిగాడిదలున్నాయని, ఆ కొమ్ము గిన్నెలో తాగితే విషం, మూర్ఛ అంటవని రాశాడు. ఆయన ఇండియాకు వచ్చిందీ లేదు, దాన్ని చూసిందీ లేదు. ఆ వర్ణనలో ఖడ్గమృగం ఛాయలు కనిపిస్తాయి. తర్వాత యూరప్ రాజులు యూనికార్న్ కొమ్మని భారీ ధర పెట్టి కొన్నది నార్వాల్ అనే ఉత్తరధ్రువ సముద్రాల తిమింగలం దంతం. పై దవడ ఎడమ పన్ను పెదవిని చీల్చుకుని బయటికొచ్చి, రెండున్నర మీటర్ల దాకా, ఎప్పుడూ ఎడమ మెలికతోనే పెరుగుతుంది. బొమ్మల్లోని మెలికల కొమ్ము దాన్ని చూసి గీసిందే. కోపెన్‌హేగెన్ వైద్యుడు ఓలె వోర్మ్ 1638లో నార్వాల్ పుర్రె చూపించి గుట్టు విప్పాడు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత కూడా డెన్మార్క్ రాజులు ఆ దంతాలతో సింహాసనం చేయించుకున్నారు.

మీకు చూపించిన పొడి ఖడ్గమృగం కొమ్ముదే అయితే అది మన గోళ్లలో ఉండే కెరాటినే. అమ్మకం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా విషం మింగితే ఏ పొడీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ విషం డబ్బా వెంట పట్టుకెళ్లండి.

ప్రశ్న: మన ఋష్యశృంగుడు, హరప్పా ముద్రల జంతువు యూనికార్న్‌లేనా?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: ఋష్యశృంగుడు జింకకు పుట్టిన ముని, తలమీద కొమ్ము. ఆడవాళ్లు ఆయన్ని ఆకర్షించి వానల్లేని అంగదేశానికి తీసుకురాగానే వాన పడింది. కన్యకు మాత్రమే లొంగే యూనికార్న్ కథకు ఇది దగ్గరగా ఉందని పండితులు గమనించారు. హరప్పా ముద్రల్లో ఎక్కువగా కనిపించేది ఒంటికొమ్ము జంతువే, కానీ దాని ఒళ్లు ఎద్దుది.