క్రూయిజ్ టికెట్ మనిషికి 48 వేలే, మరి ఇల్లు చేరేసరికి ఎంత?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగులం. బాబుకి 12, పాపకి 8 ఏళ్లు. మా అత్తగారికి 68, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు కూడా. వచ్చే మే నెలలో, అంటే ఇంకో 8 నెలల్లో, ఐదుగురం క్రూయిజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు మూడు కొటేషన్లు ఇచ్చారు. కార్డీలియా కంపెనీ ఓడలో ముంబై నుంచి గోవా, 3 రాత్రులు, అందరికీ పన్నులతో కలిపి 1.35 లక్షలు. సింగపూర్ నుంచి జెంటింగ్ డ్రీమ్ ఓడలో 3 రాత్రులు, టిప్పులు, జీఎస్‌టీ కలిపి 1.95 లక్షలు. సింగపూర్ నుంచే రాయల్ కరీబియన్ కంపెనీ ఓడలో పెనాంగ్, ఫుకెట్ మీదుగా 4 రాత్రులు, మనిషికి 48 వేలు, గదిలో మూడో మనిషికి 30 వేలు. మా దగ్గర 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు 20 వేలు మిగులుతాయి. తక్కువైతే పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు మా ఆయన. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీకు వచ్చిన మూడు కొటేషన్లూ మూడు రకాలుగా రాసినవి. మొదటిదాంట్లో పన్నులున్నాయి, రెండోదాంట్లో టిప్పులు కూడా కలిపారు, మూడోదాంట్లో వట్టి టికెట్ ధర మాత్రమే ఉంది. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. మీ ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి తిరిగి గుమ్మంలో అడుగుపెట్టేదాకా అయ్యే ఖర్చు వేసి, దాన్ని మనుషులతోనూ రాత్రులతోనూ భాగించాలి. అప్పుడే ఏ ఓడ చవకో తెలుస్తుంది.

రాయల్ కరీబియన్‌తో మొదలుపెడదాం, దాచిన ఖర్చులు ఎక్కువగా ఉన్నది అందులోనే. క్రూయిజ్ ధరలన్నీ గదికి ఇద్దరు అన్న లెక్కమీదే ఉంటాయి. ఐదుగురికి రెండు గదులు కావాలి. ఒకదాంట్లో నలుగురు, ఇంకోదాంట్లో అత్తగారు ఒక్కరే అని ఏజెంటు పెడితే ఒప్పుకోకండి. గదిలో ఒక్కరే ఉన్నా సాధారణంగా ఇద్దరి టికెట్టూ కట్టించుకుంటారు. అంటే నాలుగు పూర్తి టికెట్లు, రెండు తగ్గింపు టికెట్లు అవుతాయి. ముగ్గురు, ఇద్దరుగా సర్దుకుంటే నాలుగు పూర్తి, ఒక తగ్గింపుతో సరిపోతుంది. ఆ ఒక్క మార్పుతో 30 వేలు మిగులుతాయి. అత్తగారు, పాప ఒక గదిలో, మీరిద్దరూ బాబూ పక్క గదిలో ఉండండి. మూడో పడక చాలా గదుల్లో సీలింగ్ నుంచి దిగే పైబెర్తే, అది బాబుకి సరిగ్గా సరిపోతుంది. రెండు గదులూ పక్కపక్కనే కావాలని బుకింగ్‌లోనే రాయించండి. గది నంబరు కంపెనీయే తర్వాత ఇస్తుందని చెప్పే చవక రకం టికెట్టు మీకు పనికిరాదు, రెండు గదులూ రెండు అంతస్తుల్లో పడొచ్చు.

ఇక లెక్క. నాలుగు 48 వేలు, ఒక 30 వేలు కలిపి 2.22 లక్షలు. రేవు చార్జీలు, పన్నులు విడిగా ఉంటాయి. మనిషికి 12 వేలు వేసుకుంటే 60 వేలు. వీటిమీద ఏజెంటు వేసే 5 శాతం జీఎస్‌టీ 14,100. ఇక్కడికి 2,96,100. ఆపైన టిప్పులు. రాయల్ కరీబియన్‌లో మామూలు గదులకు మనిషికి రోజుకు 18.50 డాలర్లు ఖాతాలో పడిపోతాయి, పిల్లలకీ మినహాయింపు లేదు. ఐదుగురికి 4 రోజులకు 370 డాలర్లు, డాలరు 90 రూపాయల చొప్పున 33,300. ఓడ ఖర్చే 3.29 లక్షలు దాటింది.

తర్వాత ఒడ్డు ఖర్చులు. హైదరాబాద్–సింగపూర్ రానుపోను మనిషికి 28 వేల చొప్పున 1.40 లక్షలు, ఏజెంటు ఫీజుతో కలిపి వీసాలకు 17,500, ముందురోజు రాత్రి హోటల్లో రెండు గదులకు 24 వేలు, ప్రయాణ బీమాకు 8 వేలు. మొత్తం 1,89,500. రేవుల్లో తిరగడానికి, టాక్సీలకు, వైఫైకి, పిల్లల చిరుతిళ్లకు 45 వేలు పెట్టుకోండి. అంతా కలిపితే 5,63,900. విమానం, హోటల్ ధరలు నేను వేసుకున్నవి, మీ తేదీలకు తగ్గట్టు మార్చుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

జెంటింగ్ డ్రీమ్‌కి ఓడ ఖర్చు 1.95 లక్షలే అయినా ఒడ్డు ఖర్చులు అవే 1,89,500. చేతిఖర్చు 40 వేలు కలిపితే 4,24,500. కార్డీలియాకి 1.35 లక్షల మీద ముంబై విమానాలు 45 వేలు, హోటల్ 12 వేలు, టాక్సీలు 6 వేలు, ఓడలోనూ గోవాలోనూ 25 వేలు, మొత్తం 2.23 లక్షలు. ఇప్పుడు భాగించి చూడండి. రాయల్ కరీబియన్ మనిషికి రాత్రికి 28,195. జెంటింగ్ డ్రీమ్ 28,300. కార్డీలియా 14,870 దాకా. అంటే ఓడ ఖర్చులో లక్షకు పైగా చవకగా కనిపించిన జెంటింగ్ డ్రీమ్ రాత్రి లెక్కన ఒక్క రూపాయి కూడా చవక కాదు. సింగపూర్ దాకా వెళ్లే ఖర్చు ఏ ఓడ ఎక్కినా ఒకటే. ఆ ఖర్చు పెట్టుకున్నాక రాత్రులు తగ్గించుకోవడం దండగ.

ఓడల సంగతికొస్తే, కంపెనీ పేరు చూసి కాక ఓడ పేరు చూసి బుక్ చేయండి. ఒకే కంపెనీలోనూ ఓడకీ ఓడకీ చాలా తేడా. కార్డీలియా ఎంప్రెస్ 1990లో రాయల్ కరీబియన్ కోసమే కట్టిన ఓడ, సుమారు 48 వేల టన్నులది. సింగపూర్ నుంచి నడిచిన రాయల్ కరీబియన్ ఓడలు ఆంథమ్, ఓవేషన్ 2015, 2016 నాటివి, సుమారు 1.68 లక్షల టన్నులవి. అలల మీద సర్ఫింగ్ చేయించే ఫ్లోరైడర్, గాలిలో తేలే సిమ్యులేటర్ లాంటివి వాటిలో ఉంటాయి. మీ బాబుకి నచ్చేవి అవే అయ్యుంటాయి. జెంటింగ్ డ్రీమ్ 2016 నాటిది, 1.5 లక్షల టన్నులది. భారతీయ శాకాహారం దొరకడం దాని ఆకర్షణ. కార్డీలియాలో జైన భోజనం కూడా ఉంటుంది. అత్తగారి తిండి విషయంలో మూడింట్లోనూ ఇబ్బంది ఉండదు. ఇంట్లో పెట్టిన ఆవకాయ మాత్రం సీసాతో పట్టుకెళ్లకండి. ఇంట్లో చేసిన పదార్థాలను ఓడ ఎక్కేచోట ఆపేస్తారు, సీలు విప్పని ప్యాకెట్లయితే చాలావరకు వదిలేస్తారు. కరెంటు కెటిల్, రైస్ కుక్కర్ కూడా ఆపేస్తారు.

మోకాళ్ల నొప్పులున్న మనిషితో వెళ్తున్నప్పుడు ఏజెంట్లు చెప్పని ప్రశ్న ఒకటుంది. ఓడ రేవుకి ఆనుకుని ఆగుతుందా, సముద్రంలో నిలబడి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారా? పెనాంగ్‌లో రేవుకి ఆనుకుంటుంది, దిగి నడిచి వెళ్లొచ్చు. ఫుకెట్‌లో పెద్ద ఓడలు పటోంగ్ తీరానికి దూరంగా లంగరు వేస్తాయి, ఊగే పడవలోకి దిగాలి. గోవాలో మోర్ముగావ్ రేవులో ఆగుతుంది కాబట్టి సమస్య లేదు. కార్డీలియాలోనే లక్షద్వీప్‌కి మార్చుకోమని ఏజెంటు ఊరిస్తే వద్దనండి, అక్కడా చిన్న పడవలే. అల పెద్దదైతే పడవలు నడపరు, ఆ రేవు రద్దవుతుంది. టికెట్ డబ్బులు మాత్రం వెనక్కి రావు.

మే నెల మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. ఫుకెట్ వైపు నైరుతి రుతుపవనాలు మే నుంచే మొదలవుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. పైగా మే చివర్లో సింగపూర్ బడి సెలవులు మొదలై ఓడల ధరలు పెరుగుతాయి.

ఇప్పుడు డబ్బు. మే నాటికి మీ చేతిలో 2.5 లక్షలు, ఎనిమిది నెలల పొదుపు 1.6 లక్షలు, కలిపి 4.1 లక్షలు ఉంటాయనుకుంటున్నారు. కానీ బ్యాలెన్స్ మేలో కట్టరు. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీలు నాలుగు రాత్రుల వరకు ఉండే ప్రయాణాలకు సుమారు 75 రోజుల ముందు, అంతకు మించితే 90 రోజుల ముందు మొత్తం కట్టించుకుంటాయి. మీ బుకింగ్ కాగితంలో ఉన్న తేదీనే నమ్మండి. అంటే ఫిబ్రవరికల్లా ఓడకి 2.96 లక్షలు, విమానాలకి 1.40 లక్షలు కట్టాలి. అప్పటికి మీ దగ్గర ఉండేది 3.5 లక్షలు. లోన్ మాట అక్కడే వస్తుంది. మొత్తం మీద 1.54 లక్షలు తక్కువపడతాయి. దానికోసం 1.6 లక్షలు 14 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 7,680 కట్టాలి. వడ్డీయే 24 వేలు దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. దిగివచ్చిన ఓడకి రెండేళ్లు కిస్తీలు కట్టడాన్ని నేను ఒప్పుకోను.

అదే ఇంకో ఎనిమిది నెలలు ఆగితే సంక్రాంతి సెలవులొస్తాయి. పదహారు నెలల పొదుపు 3.2 లక్షలు, ఎఫ్‌డీ 2.5 లక్షలు, మొత్తం 5.7 లక్షలు. బ్యాలెన్స్ కట్టాల్సిన అక్టోబరు చివరికి 5.1 లక్షలు ఉంటాయి, కావల్సింది 4.36 లక్షలు. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, లోన్ అక్కర్లేదు. నెలకు 20 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, గడువు అక్టోబరు మధ్యలో తీరేలా పెట్టుకోండి. అప్పుడు మిగిలే 74 వేలూ, ఆ తర్వాతి మూడు నెలల పొదుపూ కలిపితే వీసాలకీ హోటల్‌కీ బీమాకీ టిప్పులకీ చేతిఖర్చుకీ సరిపోతుంది. సింగపూర్‌లో చైనీయుల కొత్త సంవత్సరం ఏ తేదీల్లో పడుతుందో చూసుకుని దానికి ముందు వారం ఎంచుకోండి. అడ్వాన్స్ కట్టినరోజు మారకం రేటు పట్టే మొత్తం బిల్లు ఖరారవుతుందా, బ్యాలెన్స్ కట్టేనాటి రేటా అన్నది ఏజెంటుతో రాయించుకోండి. రూపాయి రెండు శాతం పడినా ఆరు వేలు తేడా వస్తుంది.

మేలోనే తప్పనిసరిగా వెళ్లాలంటే గోవా ఓడ ఎక్కండి. అది మీ ఎఫ్‌డీలోనే అయిపోతుంది, పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. సముద్రం మీద అత్తగారికి కడుపులో తిప్పుతుందో లేదో కూడా తక్కువ ఖర్చుతో తెలుస్తుంది. కానీ అది చేస్తే సంక్రాంతి సింగపూర్ ఉండదు. రెండూ కావాలంటే కుదరదు. ఇక్కడ మీరు రాయని విషయం ఒకటుంది. ఆ 2.5 లక్షలు కాకుండా ఆరు నెలల ఇంటిఖర్చు విడిగా ఉందా? లేకపోతే ఆ ఎఫ్‌డీ విహారానికి పనికొచ్చే డబ్బు కాదు. ముందు అది సమకూర్చుకోండి, అప్పటిదాకా రెండు ఓడలూ వాయిదానే.

సింగపూర్‌కే అయితే మరికొన్ని జాగ్రత్తలు. ఏజెంటు విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. 2026 బడ్జెట్ దాన్ని 2 శాతానికి తగ్గించింది, అంటే మీకు ఆరు వేల దాకా. అది వెనక్కి వచ్చే డబ్బే, కానీ ఎవరి పాన్ మీద పడితే వాళ్లకే వస్తుంది. అత్తగారి పేరున బుక్ చేస్తే ఆ ఆరు వేల కోసం ఆవిడ రిటర్ను వేయాలి. మీలో పన్ను కట్టేవారి పాన్ ఇచ్చి, ఆఫీసులో చెప్తే జీతంలో కోసే టీడీఎస్‌లో సర్దేస్తారు.

డబ్బు ఏజెంటు సొంత యూపీఐకి పంపొద్దు. సంస్థ ఖాతాకి క్రెడిట్ కార్డుతో కట్టండి. రెండు మూడు రోజుల్లో ఓడ కంపెనీ బుకింగ్ నంబరు తీసుకుని కంపెనీ సైట్లో మీ పేర్లు మీరే చూసుకోండి. అతి జాగ్రత్త అనుకోకండి. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ దివాలా బాట పట్టి డ్రీమ్ క్రూయిజెస్ ఆగిపోయింది. ఆ కంపెనీదే అయిన జెంటింగ్ డ్రీమ్ ఓడ ఆ ఏడాది జూన్‌లో రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ పేరున మళ్లీ మొదలైంది.

బీమాలో అత్తగారి బీపీ దాచొద్దు. దాస్తే క్లెయిమ్ తిరగ్గొడతారు. ఓడలో డాక్టరు ఫీజు డాలర్లలో మీ ఖాతాలో పడుతుంది, ఇక్కడి హెల్త్ పాలసీ సాధారణంగా దానికి పనిచేయదు. ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు, ఓడ తప్పిపోతే వచ్చే ఖర్చు పాలసీలో ఉన్నాయో లేదో చూడండి. ఓడ ఎవరికోసమూ ఆగదు, అందుకే ముందురోజే సింగపూర్ చేరాలన్నాను. అక్కడ రెండు క్రూయిజ్ టెర్మినళ్లున్నాయి, మరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ ఒకటి. టికెట్టులో ఉన్నదే టాక్సీవాడికి చూపించండి. బీపీ మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి, అప్పజెప్పిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది.

సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి, ఓడ దిగి మళ్లీ ఆ దేశంలోకే వస్తారు. పాస్‌పోర్టులకు తిరిగొచ్చే తేదీ నుంచి ఆరు నెలల గడువు ఉండాలి. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ఇప్పుడే చూడండి. ఓడ టికెట్టు, విమానం టికెట్టు, వీసా మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. దాన్ని సరిచేయించాల్సి వస్తే అడ్వాన్స్ కట్టకముందే ఆ పని పూర్తి చేయండి.