పింగ్యావ్‌కి ఒంటరిగా రైల్లో వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, నెమ్మది బండిలో

మీ ప్రశ్న ఇది: "చైనా భాష ఒక్క ముక్క రాదు, పైగా శాకాహారిని. వీపున బ్యాగు తగిలించుకుని బీజింగ్ నుంచి పింగ్యావ్ కోటగోడల ఊరికి రైల్లో ఒంటరిగా వెళ్ళాలనుంది. కుదురుతుందా? ఒక్క రోజులో చూసి వచ్చేయొచ్చా?"

కుదురుతుంది. ఒక్క రోజులో చూసి కూడా వచ్చేయొచ్చు. కానీ అలా అయితే వెళ్ళకండి. పొద్దున హైస్పీడ్ రైలెక్కి, మధ్యాహ్నం టూరిస్టు గుంపుల మధ్య నడిచి, సాయంత్రం వెనక్కి వచ్చేస్తే మీకు కనిపించేది ఎర్ర లాంతర్లు కట్టిన బజారు, అంతే.

నేను 2018 అక్టోబరులో వెళ్ళాను. ఆఫీసు పని మీద మూడు నెలలు బీజింగ్‌లో ఉండగా శనాదివారాలకు ఒక శుక్రవారం, ఒక సోమవారం సెలవు కలుపుకున్నాను. అక్టోబరు మొదటి వారం వాళ్ళ జాతీయ దినోత్సవం సెలవులు. ఆ వారం దేశం దేశమంతా రైళ్ళలోనే ఉంటుంది కాబట్టి అది దాటాక బయల్దేరాను. మీరూ ఆ వారం జోలికి పోకండి.

బీజింగ్ నుంచి హైస్పీడ్ రైలు నాలుగు గంటల్లో దింపేస్తుంది. నేను మాత్రం కావాలనే మామూలు రాత్రి బండి ఎక్కాను. పదకొండు, పన్నెండు గంటల ప్రయాణం. ఒక రాత్రి హోటల్ డబ్బులు మిగులుతాయన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతేంటంటే, మాది శ్రీకాకుళం. చిన్నప్పట్నుంచీ సికింద్రాబాద్‌కి రాత్రి బండిలోనే తిరిగినవాణ్ణి. వాళ్ళ స్లీపర్ ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

వాళ్ళ మామూలు స్లీపర్‌ని 'యింగ్ వో' అంటారు, అంటే గట్టి పడక. పేరు విని భయపడకండి. పరుపు, దుప్పటి, దిండు అన్నీ ఇస్తారు, మన త్రీ టైర్ ఏసీ లాంటిదే. ఒక్కో అరలో ఎదురెదురుగా మూడేసి బెర్తులు, తలుపూ ఉండదు, తెరా ఉండదు. సైడ్ బెర్తులు లేవు. ఆ జాగాలో కిటికీ పక్కన మడత కుర్చీలు, చిన్న బల్లలు ఉంటాయి. కింది బెర్తుకి ధర ఎక్కువ, పైదానికి తక్కువ. పైదాంట్లో కూర్చోవడం కుదరదు, పాక్కుంటూ దూరాలి. మధ్య బెర్తు తీసుకోండి. కిందిది తీసుకుంటే పడుకునే వేళ వరకూ అది మీది కాదు, ఊరందరిదీ. ఈ విషయంలో మనకీ వాళ్ళకీ తేడా లేదు. నలుగురికి ఒక గది, తలుపు కావాలంటే 'రువాన్ వో', అంటే మెత్తటి పడక. దానికి డబ్బులు బాగా ఎక్కువ.

ప్రతి పెట్టె చివరా మరిగే నీళ్ళ బాయిలర్ ఉంటుంది. సాయంత్రం ఏడయ్యేసరికి ప్రతివాడూ నూడుల్స్ డబ్బా పట్టుకుని దాని ముందు క్యూ. పెట్టంతా అదే వాసన, దాంతోపాటు పొద్దుతిరుగుడు గింజలు కొరికే చప్పుడు. నేను అమ్మ పంపిన కందిపొడి, ఇన్‌స్టంట్ ఉప్మా డబ్బా తీశాను. ఎదుటి బెర్తు పెద్దావిడ వేలితో కాస్త పొడి రుచి చూసి, ముక్కు నలుపుకుని, నవ్వి, నా చేతిలో ఒక ఖర్జూరపుకాయ పెట్టింది. మేమిద్దరం ఆ రాత్రి మాట్లాడుకున్నది అంతే. పదింటికి దీపాలు ఆర్పేశారు.

మన రైళ్ళలోలా నిద్రలో ఉలిక్కిపడి లేచి "ఇది ఏ స్టేషనండీ" అని అడిగే టెన్షన్ అక్కడ లేదు. అప్పట్లో ఎక్కగానే పెట్టె అటెండెంట్ కాగితం టికెట్ తీసేసుకుని ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చేది. మన స్టేషన్ వస్తుందనగా తట్టి లేపి, బిళ్ళ తీసుకుని టికెట్ తిరిగిచ్చేది. ఇప్పుడు టికెట్లన్నీ ఎలక్ట్రానిక్ అయ్యాయి, పాస్‌పోర్టే టికెట్. బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరు, నంబరు అక్షరం పొల్లు పోకుండా ఇవ్వండి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా తెలిసిందే కదా. 12306 అని రైల్వే వాళ్ళ సొంత యాప్ ఉంది, ఇంగ్లీషులోనూ పనిచేస్తుంది. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు టికెట్లు తెరుస్తారు. నేను ఎక్కిన రాత్రి బండి వేళలు మారి ఉండొచ్చు, అక్కడే చూసుకోండి. నేరుగా దొరక్కపోతే తైయువాన్ నగరం దాకా వెళ్ళి మారొచ్చు, అక్కణ్ణుంచి సుమారు వంద కిలోమీటర్లే.

బీజింగ్‌లో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి. ఏ స్టేషన్ అన్నది రెండుసార్లు చూసుకుని గంట ముందు చేరండి. విమానాశ్రయంలోలా సామాను స్కానింగ్ ఉంటుంది. పండ్లు కోసుకునే చాకు పెట్టుకోకండి, తీసేసుకుంటారు. బండి కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. కదిలే రైలు వెంట పరిగెత్తి ఎక్కే విద్యలేవీ అక్కడ పనికిరావు.

ఇంకా సరిగ్గా తెల్లారకముందే దిగాను. చలి. పాత స్టేషన్ నుంచి గోడ దాకా నడక పావుగంట, ఇరవై నిమిషాలు. మామూలు వీధులు, బొగ్గు వాసన, వీధి చివర మలుపు తిరిగేసరికి ఎదురుగా గోడ. బూడిదరంగు ఇటుక, సుమారు పన్నెండు మీటర్ల ఎత్తు, అటూ ఇటూ కనుచూపు మేర. 1370లో మింగ్ రాజుల కాలంలో కట్టింది. చుట్టూ ఆరు కిలోమీటర్లు పైనే. దాని మీద 72 కావలి బురుజులు, 3000 పిట్టగోడ పళ్ళు. కన్ఫ్యూషియస్‌కి శిష్యులు మూడు వేలమంది, అందులో ఉత్తములు డెబ్బై ఇద్దరు అని ఆ లెక్క. ద్వారాలు ఆరు. దక్షిణానిది తల, ఉత్తరానిది తోక, తూర్పు పడమరల నాలుగూ కాళ్ళు. ఊరు తాబేలు ఆకారమట. శ్రీకూర్మం పక్కన పుట్టినవాణ్ణి, నాకు ఆ పోలిక వెంటనే నచ్చేసింది. ఆ తాబేలు నడిచి వెళ్ళిపోకుండా ఒక కాలిని ఊరవతలి గోపురానికి కట్టేశారని వాళ్ళ కథ.

దక్షిణ ద్వారం కింద నేల పలకల్ని వంగి చూడండి. బండి చక్రాలు తిరిగి తిరిగి రాతిలో గాడులు పడ్డాయి. నా అరచెయ్యి నిలువుగా పెడితే వేళ్ళు మునిగాయి. పొద్దున ఆరున్నరకి అక్కడ నేనూ, చీపురు పట్టిన ఒక ముసలాయనా తప్ప ఎవరూ లేరు. పదింటికి అదే చోట నిలబడటానికి జాగా లేదు. అందుకే గోడ లోపల రెండు రాత్రులు ఉండమంటున్నాను.

ఇదంతా ఇలా మిగలడం కూడా తమాషానే. 1980ల మొదట్లో పాత ఇళ్ళు కొట్టి రోడ్లు వెడల్పు చేద్దామని ప్లాన్ తయారైంది. తొంగ్‌జీ విశ్వవిద్యాలయంలో పట్టణ ప్రణాళిక చెప్పే రువాన్ యీసాన్ అడ్డుపడి, పాత ఊరిని ముట్టుకోకుండా కొత్త ఊరు గోడ బయట కట్టేలా ఒప్పించాడు. 1997లో యునెస్కో జాబితాలో చేరింది. గోడ మాత్రం చిరంజీవేమీ కాదు. 2021 అక్టోబరు వానలకి పాతిక మీటర్ల మేర కూలింది, తర్వాత బాగు చేశారు.

నేను దిగింది ఒక పాత లోగిలిలో. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, ఇంటి కప్పులు లోపలికే వాలి ఉంటాయి. వాననీరు బయటికి పోకుండా తమ వాకిట్లోనే పడాలి, నీళ్ళంటే సంపద అని వాళ్ళ నమ్మకం. మా అమ్మమ్మగారి మండువా ఇల్లే అది, కాకపోతే ఎర్ర పెంకుల బదులు బూడిదరంగు పెంకులు. పడక పేరు 'కాంగ్'. మన వీధరుగుని గదిలోకి తెచ్చి, దాని కింద పొయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు చాలా చోట్ల కరెంటుతో వేడి చేస్తున్నారు. వీపు కాలుతుంటే ముక్కు గడ్డకట్టింది, అయినా అంత హాయిగా నిద్రపోయి చాలా రోజులైంది. హోటల్ బుక్ చేసేముందు విదేశీయుల్ని తీసుకుంటారా అని కనుక్కోండి. పాస్‌పోర్టు నమోదు వాళ్ళే చేస్తారు.

ఊళ్ళోకి టికెట్ లేదు. గోడ ఎక్కడానికి, లోపలి పాత సర్కారు కచేరీ, గుళ్ళు, మ్యూజియాలు చూడటానికి అన్నిటికీ కలిపి ఒకటే టికెట్, నేను వెళ్ళినప్పుడు 125 యువాన్లు, మూడు రోజులు చెల్లుతుంది. రెండో రోజుకి మ్యూజియాలు అన్నీ ఒకేలా అనిపిస్తాయి, వదిలేసినా ఫర్వాలేదు. పడమటి వీధిలో రిషెంగ్‌చాంగ్ ఒక్కటి వదలకండి.

అది మొదట రంగుల దుకాణం. బీజింగ్‌లో దానికి శాఖ ఉండేది. అప్పట్లో వర్తకులు వెండిని బండ్లకెత్తి, కత్తులు పట్టిన కాపలావాళ్ళతో ఊరి నుంచి ఊరికి తోలేవారు. అక్కడి శాఖలో వెండి కట్టి, చీటీ తెచ్చి ఇక్కడ తీసుకుంటే దొంగల భయం ఉండదు కదా అని తెలిసినవాళ్ళు మొదలుపెట్టారు. 1823 ప్రాంతంలో మేనేజర్ లేయ్ లూతాయ్ రంగుల వ్యాపారం మానిపించి దీన్నే అసలు వ్యాపారం చేశాడు. మన షావుకార్ల హుండీ అన్నమాట, గుళ్ళో హుండీ కాదు. కొట్టేమో మన పాత బట్టల కొట్టంత ఉంటుంది, చైనా మొట్టమొదటి బ్యాంకుగా దీన్నే చెబుతారు.

నన్ను అక్కడ చాలాసేపు నిలబెట్టింది వాళ్ళ రహస్య లిపి. చీటీ మీద తేదీలు అంకెల్లో రాసేవారు కాదు. "నకిలీ చీటీలతో జాగ్రత్త, ముద్ర బాగా చూడటం మరవకు" అనే అర్థం వచ్చే పన్నెండు అక్షరాల వాక్యంలో ఒక్కో అక్షరం ఒక్కో నెల. ముప్పై అక్షరాల పద్యంలో ఒక్కో అక్షరం ఒక్కో తేదీ. లోకంలో మమకారాలు ఎంత పల్చనో చూస్తే నవ్వొస్తుంది అని ఆ పద్యం మొదలవుతుంది. మూడో నెల ఐదో తేదీ కావాలంటే 'నకిలీ', 'పల్చన' అని రెండు అక్షరాలు పడతాయి. దారిలో దోచినవాడికి ఏం అర్థమవుతుంది! ఎప్పటికప్పుడు వాక్యాలు మార్చేసేవారు కూడా. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్న మా బాబాయి గుర్తొచ్చాడు.

తిండి సంగతి. ఊరి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది గొడ్డుమాంసం, ప్రతి రెండో కొట్టూ అదే. కానీ పింగ్యావ్ ఉన్న షాన్షీ పిండితో చేసే వంటల రాష్ట్రం, మీరు పస్తుండరు. ఓట్స్ పిండిని పల్చగా ఒత్తి, గొట్టాల్లా చుట్టి, తేనెతుట్టెలా నిలబెట్టి ఆవిరి పెడతారు, దాన్ని 'కావ్ లావ్ లావ్' అంటారు. టమాటా కూరతో అడగండి, గొర్రెమాంసంతో వద్దని చెప్పండి. అక్కడి నల్ల వెనిగర్ రెండు చుక్కలు వేసుకుంటే మన చింతపండు లేని లోటు కొంత తీరుతుంది. 'నేను శాకాహారిని, మాంసం, మాంసం నీళ్ళు, గుడ్డు వద్దు' అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. నోటితో చెబితే ఎవరికీ అర్థం కాలేదు, ఫోన్ చూపిస్తే వంటమనిషి లోపల్నుంచి వచ్చి మరీ తలూపాడు. అప్పట్లో నేను నగదుతో నెట్టుకొచ్చాను. 2023 నుంచి అలీపే, వీచాట్ అనే వాళ్ళ చెల్లింపు యాప్‌లకి విదేశీ కార్డులు కలుస్తున్నాయి, ఇంట్లోనే సెట్ చేసుకుని వెళ్ళండి. గూగుల్ మ్యాప్స్ మీద ఆశలు వద్దు.

మూడో రోజు పొద్దున సైకిల్ అద్దెకి తీసుకుని షువాంగ్‌లిన్ గుడికి వెళ్ళాను, ఊరికి నైరుతిగా ఆరేడు కిలోమీటర్లు. లోపల రెండు వేలకి పైగా రంగుల మట్టి బొమ్మలు. దుమ్ము పట్టి, సగం చీకట్లో. అందులో వేయ్‌తువో అని ఒక కాపలా దేవుడు ఉన్నాడు. నడుము ఒక వైపు, చూపు ఇంకో వైపు, ఇప్పుడే ఎవరో పిలిస్తే తిరిగినట్టు. ఈయన మన స్కందుడే, బౌద్ధం వెంట అంత దూరం నడిచి వెళ్ళిన సుబ్రహ్మణ్యస్వామి. నెమలి లేదు, కవచం ఉంది. ఎవరూ చూడకుండా ఒక దణ్ణం పెట్టుకున్నాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. తిరుగు ప్రయాణం షీఆన్ నగరం మీదుగా, హైస్పీడ్ టికెట్. సైకిల్ తిరిగిచ్చి, దర్జాగా నడుచుకుంటూ దిగిన స్టేషన్‌కే వెళ్ళాను. గేటు దగ్గరమ్మాయి టికెట్ చూసి, నన్ను చూసి, చేత్తో దూరంగా ఎటో చూపించింది. పింగ్యావ్‌కి రెండు స్టేషన్లు. గోడ పక్కనున్న పాత దాని పేరు పింగ్యావ్. ఊరికి ఎనిమిది, పది కిలోమీటర్ల అవతల పొలాల్లో 2014లో కట్టిన హైస్పీడ్ స్టేషన్ పేరు 'పింగ్యావ్ గూచెంగ్'. గూచెంగ్ అంటే పాత నగరం! పాత నగరం అని పేరున్నదే పాత నగరానికి దూరం. టాక్సీ పట్టుకుని వెళ్ళేసరికి బండి పోయింది. తర్వాతి దానికి మార్చుకుని రెండు గంటలు చల్లటి హాల్లో కూర్చున్నాను.

శ్రీకాకుళం రోడ్ అంటే ఆమదాలవలసలో దిగి బస్సెక్కాలని పుట్టినప్పట్నుంచీ తెలిసినవాణ్ణి, నాకే ఇలా జరిగింది. మీ టికెట్ మీద ఊరి పేరు రెండు చైనా అక్షరాలైతే నడిచి వెళ్ళండి. నాలుగు అక్షరాలుంటే అది మన 'రోడ్' లాంటిది, గంటన్నర ముందే 108 నంబరు సిటీ బస్సో టాక్సీయో ఎక్కండి.