చిట్టికి పెద్దమ్మ రాసేది

చిట్టీ,

ఊళ్లు తిరిగి పెద్దవాళ్ల బతుకులు, ఆ ఊళ్ల పాత సంగతులు, వంటలు రికార్డు చేస్తావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పనులన్నీ చక్కబెట్టుకుని వచ్చే ఏడాది మొదలుపెడతావట! ఎనభై దాటినవాళ్లు నీ వీలు కోసం ఆగుతారా? అందరికన్నా పెద్దవాళ్లెవరో చూసుకుని ఈ ఆదివారమే వెళ్లు.

ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకో. వాళ్లు సరేనన్నాకే రికార్డింగ్ మొదలుపెట్టు. తేదీ, ఊరు, మనిషి పేరు ముందు నీ గొంతుతో చెప్పు. మూడు కాపీలు దాచు, ఒకటి వేరే ఇంట్లో.

ఇంకోటి ఉంది, అది నేను చేసిన తప్పు. అప్పట్లో నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క అరవై నిమిషాల క్యాసెట్టు, వైపుకి అరగంట. మా అమ్మమ్మ వంట అందులో ఎక్కించాలని పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆవిడ పిండి కలుపుతూ, ఉప్పు వేయబోయి ఆగింది. వేళ్ల మధ్య ఉప్పు అలాగే ఉంది. "ఆ కరువు ఏడాది..." అంది. టేపు అయిపోతుందన్న టెన్షన్‌లో నేను పాజ్ నొక్కేశాను. ఆవిడ చూసుకోలేదు, చెబుతూనే ఉంది. బావి ఎండిపోయిందని, ఇంట్లో గింజ లేదని, పక్క ఊరి ఆవిడ ఒకామె చీకట్లో వచ్చి కొంగులో పిండి పోసి వెళ్లిందని. ఆమె పేరు కూడా చెప్పింది. నాకు గుర్తులేదు తల్లీ. మరుసటేడు అమ్మమ్మ పోయింది. ఇప్పుడు ఆ టేపు వింటే "ఆ కరువు ఏడాది", ఆ వెంటనే టక్ అని చప్పుడు, తర్వాత నా గొంతు: "ఎన్ని గుప్పెళ్లు, చెప్పవే?"

1948లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ ఇలా మనుషుల జ్ఞాపకాలు సేకరించే పని మొదలుపెట్టాడు. అక్కడ కూడా తొలి రోజుల్లో మాటలు టైపు చేయించాక టేపులు చెరిపి మళ్లీ వాడారు. అక్షరాలు మిగిలాయి, గొంతులు పోయాయి. నీకు ఆ ఇబ్బంది లేదు. దారి తప్పి మాట్లాడితే మాట్లాడనీ, ఏడిస్తే ఏడవనీ, నువ్వు మాత్రం ఆపకు.

వంట కొలతలు నోటితో అడగొద్దు. చేసేటప్పుడు వెళ్లి పిండి డబ్బా ముందొకసారి, ఆవిడ తీసుకున్నాక ఇంకోసారి తూచు. ఆ తేడాయే కొలత. సంవత్సరాలు కూడా అంతే. "ఏ సంవత్సరం?" అంటే తడబడతారు. వరదకి ముందా తర్వాతా, పెద్దబ్బాయి పుట్టాడా అప్పటికి, అని అడుగు. వరద తేదీ పాత పేపర్లలో వెతుక్కోవచ్చు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి, ఎవరినీ సరిదిద్దకు.

వేళకి తిను. ఒంటరిగా చీకటిపడేదాకా తిరగకు, చేరగానే నాకు ఫోన్ చెయ్యి.

ఆ రోజు మీ అమ్మ కూడా ఆ గదిలోనే ఉంది, ఏడెనిమిదేళ్ల పిల్ల. పిండి పోసినామె పేరు తనకి గుర్తుందేమో. ఇన్నేళ్లూ నాకు అడగడానికి నోరు రాలేదు. ముందు మీ అమ్మనే కూర్చోబెట్టి అడుగు.

మీ పెద్దమ్మ