పన్నెండడుగుల గదిలో పద్దెనిమిది నిమిషాల పాట

ప్రశ్న: సార్, నలుగురం కలిసి ఇంట్లోనే ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ చేస్తున్నాం. ఐదు పాటలు, ఒకటి 18 నిమిషాలు, మధ్యలో తాళం నాలుగు దెబ్బల 4/4 నుంచి ఏడు దెబ్బల 7/8కి పోయి మళ్లీ వస్తది. రెండు ఇన్‌పుట్ల ఇంటర్ఫేస్ (మైకులు, గిటార్లు కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉంది. ఎనిమిది నెలలైంది, గిటార్ ట్రాకులే 60 దాటినయ్, డ్రమ్స్ ఇంకా మొదలే పెట్టలేదు. ఎక్కడ తప్పు చేసినం?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వరస తప్పింది, అంతే. గిటార్లన్నీ అయ్యాక డ్రమ్స్ ఎక్కిస్తే డ్రమ్మర్ ఎంత బాగా వాయించినా అతికించినట్టే ఉంటుంది. ఇప్పటిదాకా చేసినవన్నీ గైడ్ ట్రాకులు, అంటే దారి చూపే చిత్తులు, అనుకుని పక్కన పెట్టండి, డిలీట్ మాత్రం చెయ్యొద్దు. ముందు ఆ 18 నిమిషాలకీ టెంపో మ్యాప్ వేసుకోండి, ఏ బార్‌లో (తాళం ఒక చుట్టులో) ఎన్ని దెబ్బలు, ఎక్కడ స్పీడు పెరగాలి అన్నది సాఫ్ట్‌వేర్‌లో పెట్టేస్తే తర్వాత ఎక్కడ కోసినా ఎక్కడ అతికించినా ఇబ్బంది ఉండదు. 7/8 దగ్గర, చెవిలో తాళం కొట్టే క్లిక్ ఏడు దెబ్బలూ ఒకేలా కొడితే ఎవరికైనా తికమకే, అది మన మిశ్రచాపు లెక్కే కదా, తకిట తకధిమి, మూడూ నాలుగూ, కాబట్టి ఒకటో దెబ్బా నాలుగో దెబ్బా గట్టిగా పడేలా పెట్టుకోండి. మీ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) నాలుగూ మూడుగా విరిగితే ఒకటీ ఐదూ. నలుగురూ కూర్చుని తాళం వేస్తూ ఆ భాగాన్ని నోటితో తడబడకుండా చెప్పగలిగాకే వాయిద్యాలు ముట్టుకోండి, దీనికి మించిన రిహార్సల్ నాకు తెలీదు.

డ్రమ్స్ ముక్కలుగానే తీయండి, కానీ ప్రతి ముక్కా అతుకు దాటి ఇంకో రెండు బార్లు వాయించాలి, లేకపోతే సింబల్ పళ్లెం మోత మధ్యలో తెగిపోయి అతుకు దొరికిపోతుంది. రెండు మైకులే అంటే ఒకటి కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దగ్గర, ఒకటి పైన, చాలు. అపార్ట్‌మెంట్ అయితే ఎలక్ట్రానిక్ కిట్ తీసుకుని మిడి (ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడిందో రాసుకునే డేటా) రికార్డ్ చేసుకోండి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఇక ఆ 60 ట్రాకుల సంగతి. ఇంగ్లిష్ సంగీతకారుడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 1971లో లండన్ టాటెన్‌హామ్‌లోని ఫ్లాట్‌లో, తను వాయించిన బ్యాండ్ నాయకుడు కెవిన్ అయర్స్ దగ్గర అరువు తెచ్చుకున్న టేప్ రికార్డర్‌లో చెరిపే హెడ్‌కి అడ్డం పెట్టి, పాతది చెరగకుండా కొత్తది ఎక్కించుకుంటూ డెమో చేశాడు, అదే తర్వాత స్టూడియోలో రికార్డయి 1973 మేలో 'ట్యూబులర్ బెల్స్' ఆల్బమ్‌గా వచ్చింది. 1975లో 'ఒమ్మడాన్' ఆల్బమ్‌కి సొంత ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని ట్రాకు మీద ట్రాకు ఎక్కిస్తూ పోతే టేపు మీద పూత రాలిపోయి రికార్డు మొదటి వైపు మళ్లీ చెయ్యాల్సొచ్చింది. మీ హార్డ్ డిస్క్‌కి పూత రాలదు, ఇంట్లో గంటకింత అని అద్దె అడిగేవాళ్లూ లేరు, అందుకే 60 అయ్యాయి. రిఫ్‌కి ఎడమ ఒకటి కుడి ఒకటి, ఆ పైన సోలో. ఇంకోటి కావాలనిపిస్తే ఉన్నదాంట్లో ఒకటి తీసేశాకే పెట్టండి. ఈ ఒక్క మాటా వినండి, ఆల్బమ్ ఈ ఏడాదే బయటికొస్తుంది.

ప్రశ్న: గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను, అయినా బాస్ గిటార్‌లో ఒక నోట్ మాత్రం గదంతా మోగిపోతోంది, కార్లో వింటే ఆ బాసే లేదు. గది 10 అడుగులు, 12 అడుగులు.
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అట్టలు తీసేయండమ్మా, బాస్‌ని అవేం చెయ్యలేవు. శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు పోతుంది, 12 అడుగుల గోడల మధ్య అది 47 హెర్ట్జ్ దగ్గర నిలబడి మోగుతుంది, బాస్ గిటార్ లావు తీగ మీద రెండో ఫ్రెట్ దాదాపు అక్కడే. గదిలో ఎక్కువ వినిపిస్తోందని మీరు ట్రాకులన్నీ కలిపే మిక్స్‌లో తగ్గించేశారు, కార్లో మాయమైంది. నాలుగంగుళాల మందం రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు గుడ్డ చుట్టి మూలల్లో నిలబెట్టండి, సరిగ్గా గది మధ్యలో కూర్చుని వినకండి, బాస్ లెవెల్ హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి సరిచూసుకోండి. బాస్ నేరుగా ఇంటర్ఫేస్‌లోకే పెడితే రికార్డింగ్‌కి గదితో పనే లేదు, మైక్‌తో తీసేటప్పుడు మాత్రం ఫ్యాను ఆపాలి, కుక్కర్ విజిల్స్ అయ్యేదాకా ఆగాలి.

ప్రశ్న: పాటలు ఒకదాంట్లోంచి ఒకటి ఆగకుండా పోవాలి, విడుదలకి ఫైళ్లు ఎలా ఇవ్వాలి?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మొత్తం ఒకే ఫైల్‌గా మాస్టర్ (తుది మెరుగు) చేసి, ఆ తర్వాత పాట మారే చోట ఫేడ్ లేకుండా కోసి కుదించని వేవ్ ఫైళ్లుగానే ఇవ్వండి. ఎంపీత్రీ చేస్తే ప్రతి ఫైల్ మొదట్లో చివర్లో చిటికెడు నిశ్శబ్దం చేరి సరిగ్గా ఆ అతుకు దగ్గరే టక్కున ఆగినట్టు వినిపిస్తుంది.