రాత్రి కలలో అరుస్తుంటే తాకి లేపకండి

మీ తమ్ముడు యుద్ధం నుంచి వచ్చి నెలలు గడిచినా రాత్రుళ్లు అరుస్తూ లేస్తున్నాడని, తలుపు గట్టిగా పడితే నేలకి వంగిపోతున్నాడని, లేపబోతే మీ చెయ్యి మెలిపెట్టాడని రాశారు కదా అక్కా, అది మీ మీద కోపం కాదు. ప్రాణభయంతో నెలల తరబడి అప్రమత్తంగా ఉన్న మెదడు ఇల్లు చేరాక కూడా కాపలా మానడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు, చాలామంది పిరికితనం కింద కొట్టేశారు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) అనే పేరుతో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జబ్బుల జాబితాలోకి 1980లో గానీ ఎక్కలేదు.

ఇక రాత్రి సంగతి. దగ్గరికెళ్లి భుజం కుదపకండి, గుమ్మం దగ్గరే నిలబడి లైటు వేసి, పేరు పెట్టి పిలిచి, ఇంట్లోనే ఉన్నావని, నేను అక్కనని మెల్లగా చెప్పండి, పూర్తిగా తేరుకునేదాకా దూరంగానే ఉండండి. అక్కడ ఏం జరిగిందో చెప్పమని పట్టుబట్టొద్దు, "మర్చిపో" అని అసలే అనొద్దు, తన వల్ల అవుతే ఈపాటికి మర్చిపోయేవాడే కదా.

నెల దాటినా తగ్గలేదంటే సైకియాట్రిస్టుకి చూపించాల్సిందే. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టే జ్ఞాపకాల్ని థెరపిస్టు తోడుతో మెల్లమెల్లగా ఎదుర్కోవడం), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లని అటూ ఇటూ కదిలించే పద్ధతి) లాంటి థెరపీలు బాగా పనిచేస్తాయి, అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు డాక్టరే రాస్తారు. నిద్ర కోసం మద్యం తాగుతుంటే అదీ దాచకుండా చెప్పండి, తాగుడు నిద్రని ఇంకా పాడుచేస్తుంది.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఆయుధాలుంటే తీసేయించి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.